తెల్లారగట్ట సరుకు

ఆసుపత్రి ల్యాబ్‌లో కళ్ళె డబ్బాలు తీసుకోవడం నా పని. విశాఖ హార్బర్‌లో చేపలమ్మే ఒకావిడ మొదటిసారి తెచ్చిన డబ్బా చూసి, "ఇది ఉత్త ఉమ్మి పెద్దమ్మా, లోపల్నుంచి దగ్గి తేవాలి" అని తిప్పి పంపేశాను. తన సరుకు నాసిరకమన్నట్టు ఆవిడకు తల కొట్టేసినట్టయింది. అప్పట్నుంచి డబ్బాను థర్మాకోల్ పెట్టెలో మంచు మధ్య పెట్టి తెచ్చేది. మూత ఎత్తి, "సూడు పాపా, తెల్లారగట్ట సరుకు. నిన్నటిది నాను ఎవులికీ ఇవ్వను" అనేది. వరసలో వాళ్ళంతా రెండడుగులు వెనక్కి వేసేవారు.

నెలల తరబడి టీబీ మందులు మింగినా ఆవిడ దగ్గు తగ్గలేదు. చివరికి కళ్ళెలోని క్రిముల్ని పెంచి చూసే కల్చర్ పరీక్షలో అది టీబీ క్రిమి కాదని, దానికి దూరపు చుట్టమని, నీళ్ళలో, మట్టిలో బతుకుతుందని తేలింది. ఆ మాట చెప్పిన డాక్టరుగారినే ఆవిడ నిలదీసింది.

"నీళ్ళలో ఉన్నవాటిని మేం పట్టుకుంటాం గానీ, అవొచ్చి మమ్మల్ని పట్టుకోడమేటి బాబూ?"

మందులు మార్చారు. క్రిములు కనబడటం మానేశాక కూడా ఏడాది వాడాలన్నారు. కడుపులో తిప్పుతోందని తిట్టుకుంటూనే మింగింది. నెలనెలా పెట్టె మాత్రం తప్పలేదు.

ఆ ఏడాది చివర్లో ఒక ఉదయం పెట్టె తెరిస్తే, మంచు మీద ఖాళీ డబ్బా ఉంది.

"ఇదేంటి పెద్దమ్మా?"

"తెల్లారగట్ట నుంచి దగ్గుతన్నాను పాపా. ఏటీ పడలేదు. వల ఖాళీ!"

ఆ మాట అంత మురిసిపోతూ చెప్పిన మనిషిని ఆ హార్బర్‌లో ఎవరూ చూసి ఉండరు.