ఎనిమిది గంటల బండి పోయినాక

నేను డోన్‌లో పనిచేసే ఆసుపత్రికి స్కానింగ్ మిషన్ వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. అంతకు ముందు పక్షవాతంతో ఎవరు వచ్చినా కాగితం రాసి కర్నూలుకు పంపడమే నా పని. వచ్చేవాళ్ళు కూడా రెండో రోజో మూడో రోజో వచ్చేవాళ్ళు. అందుకని తొందర వాళ్ళకూ ఉండేది కాదు, నాకూ ఉండేది కాదు.

మా మేనమామకూ అంతే జరిగింది. నేను కర్నూలులో వైద్యం చదువుతున్నప్పుడు, పత్తికొండ దగ్గర పల్లెలో ఆయనకు ఎడమ పక్క పడిపోయింది. పావురం నెత్తురు పూసి, కంబళి కప్పి, రెండు రోజులు ఇంట్లోనే పడుకోబెట్టారు. నాకు కబురు అందింది మూడో రోజు. ముందే అందినా నేను చేయగలిగింది తక్కువే. మా వార్డులో అప్పుడు ఒక బిళ్ళ ఇచ్చి, కాళ్ళూ చేతులూ ఆడించే కసరత్తు నేర్పి పంపేవాళ్ళం. ఆయన తర్వాత చాలా ఏళ్ళు బతికాడు గానీ, అన్నం మెతుకులు ఎడమ పక్క పెదవి నుంచి జారిపోతాయని మా ముందు తినడం మానేశాడు.

మిషన్ వచ్చాక మమ్మల్ని కర్నూలుకు శిక్షణకు పిలిచారు. పాఠం చెప్పిన మెదడు డాక్టరు నాకంటే పదేళ్ళు చిన్నది. "ఏ చెయ్యి పడిపోయిందని ముందు అడగకండి. చివరిసారి బాగా ఉన్నది ఎప్పుడని అడగండి" అంది. నాలుగున్నర గంటల లోపల వస్తే, స్కానింగ్‌లో రక్తస్రావం లేకపోతే, మెదడు నాళంలో అడ్డుపడిన నెత్తురు గడ్డను కరిగించే సూది వేయవచ్చు. మునుపటి మందును గంటసేపు ఎక్కించాల్సి వచ్చేది, కొత్తది ఒక్కసారే నరంలోకి ఇస్తే చాలు. మీరు అక్కడ వేసి ఇక్కడికి పంపండి, ఇంకా పెద్ద నాళం మూసుకుపోయి ఉంటే మేము సన్నని గొట్టం పంపి గడ్డను బయటికి లాగుతాము అని వివరించింది. నోటుబుక్కు నిండా రాసుకున్నాను. కానీ తిరిగి వస్తున్నప్పుడు బస్సులో నాకున్నది ఒక్కటే ఆలోచన. సూది వేశాక మెదడులో నెత్తురు కారితే?

రెండు నెలల తర్వాత, ఒక మంగళవారం పొద్దున, ఆటోలోంచి ఒకామెను దించారు. యాభై అయిదేళ్ళుంటాయి. రైల్వే స్టేషన్ దగ్గర జొన్నరొట్టెల అంగడి నడుపుతుంది. నోరు ఒక పక్కకు లాగేసింది, కుడి చెయ్యి వేలాడుతోంది, మాట రావడం లేదు. వెంట ఆమె భర్త, కోడలు ఉన్నారు. కోడలి చేతులకు జొన్నపిండి ఇంకా అంటుకునే ఉంది.

"చివరిసారి ఎప్పుడు బాగుండె?" అని అడిగాను.

"ఎనిమిది గంటల బండి పోయినాక కూడా బాగుండె మేడం. ఇంగో రెండు రొట్టెలు తట్టమ్మీ అని నాతోనే అనె. అంతలోకే చెయ్యి జారిపాయ" అంది కోడలు.

గోడ గడియారం తొమ్మిది దాటి అయిదు నిమిషాలు చూపిస్తోంది. గంటే అయింది, నాలుగున్నరకు ఇంకా టైముంది.

భర్త నా పక్కకు వచ్చాడు. "మేడం, కోపం చేసుకోగాకండి. మా ఊర్లో పావురం నెత్తురు పూసేటోడు ఉండాడు. ఈడ చూపిచ్చుకోని ఆడికి తీసుకపోతాం. ఈ పిల్లే ఆటో ఎక్కిచ్చింది."

"మా మేనమామకు కూడా అదే పూసినారు పెద్దాయనా" అన్నాను. "నేను కోపం చేసుకోను. కానీ ఆయనకు చెయ్యి రాలేదు."

ఆయన పక్కకు జరిగి దారిచ్చాడు.

వేలు గుచ్చి చక్కెర చూశాం, బాగానే ఉంది. స్కానింగ్‌లో రక్తస్రావం లేదు. బొమ్మలు ఫోన్‌లో కర్నూలుకు పంపాను. పాఠం చెప్పిన ఆ డాక్టరే మాట్లాడింది. ఒక్కటే అడ్డం. రక్తపోటు పైది రెండు వందల పది ఉంది. అది తగ్గకుండా సూది వేయకూడదు. తగ్గించే మందు ఇస్తూ, ఆ సందులో భర్తతో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఈ మందుతో చెయ్యి తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. కొద్దిమందికి తలలో నెత్తురు కారి ప్రాణం మీదికి కూడా వస్తుంది.

ఆయన కోడలి వైపు చూశాడు. "ఏం చేద్దాం పాపా?"

"వేయించు మామా. అత్త మాట లేకుండా బతకలేదు" అంది ఆ పిల్ల.

ఆయన సంతకం పెట్టాడు. రక్తపోటు నూట డెబ్బైకి దిగింది. బరువు ప్రకారం మోతాదు లెక్క చూసి, నర్సు చేత మళ్ళీ లెక్క చూపించి, నా చేత్తోనే ఇచ్చాను. నిండా పది సెకన్లు పట్టలేదు. ఆ తర్వాత పావుగంటకోసారి ఆమె మొహం, చెయ్యి, రక్తపోటు చూస్తూ మంచం పక్కనే నిలబడ్డాను. అంబులెన్సు సిద్ధమయ్యే సరికి ఆమె వేళ్ళు దుప్పటి అంచును పట్టుకున్నాయి. నా భ్రమేమో అనుకుని నర్సును పిలిచి చూడమన్నాను. "పట్టుకుండాది మేడం!" అంది ఆమె. నాకు ఏడుపొచ్చింది. బీరువాలో ఏదో వెతుకుతున్నట్టు అటు తిరిగాను.

కర్నూలులో పెద్ద నాళాలు బాగానే ఉన్నాయన్నారు, గొట్టంతో పని పడలేదు. మర్నాడు మళ్ళీ స్కానింగ్ తీస్తే రక్తస్రావం లేదు. వారానికి ఇంటికి పంపారు.

నెల తర్వాత ముగ్గురూ నా ఓపీకి వచ్చారు. ఆమె నడుచుకుంటూ వచ్చింది. మాట కొంచెం ముద్దగా ఉంది గానీ మాట్లాడడంలో తగ్గేది లేదు. పక్షవాతం రాక ముందు వాడుతున్న రక్తపోటు మాత్రలు ఎందుకు మానేశావమ్మా అని అడిగితే, "తలనొప్పి లేకపాయ, కండ్లు తిరగకపాయ. బాగుండేదానికి మాత్ర ఎందుకని మానేస్తి" అంది. రక్తపోటుకు నొప్పి ఉండదనీ, అందుకే మాత్ర ఆపకూడదనీ చెప్పాను. కారం సరే గానీ ఉప్పు ఎక్కువుండే ఊరగాయ తగ్గించమన్నాను. ఆమె బేరమాడింది. చివరికి వారానికి రెండు రోజులకు ఒప్పుకుంది.

రక్తపోటు చూసే పట్టీ నా చేతిలోనే ఉంది కదా అని భర్తను కూడా కూర్చోమన్నాను. "నాకేమైంది మేడం, గట్టిగా ఉండా" అన్నాడు. చూస్తే నూట తొంభై. నేను అంకె చెప్పే లోపే ఆమె తొంగిచూసి చదివింది.

"చూస్తివా? పావురాలను నీకే తెప్పిచ్చాల్సి వస్తాండె" అంది.

కోడలు చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆయన తల గోక్కుంటూ, మాత్ర అన్నం తినక ముందా తిన్నాకా అని మెల్లగా అడిగాడు. నేను చీటీ రాయడం మొదలుపెట్టాను.