గడ్డ పక్కనే పెరిగిన బిడ్డ

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు నామంల మీకందరికి వందనాలు. నేను టెంఘర్‌ల ఉంట, మా ఆయన గైబీ నగర్‌ల సాంచాల మీద బట్ట నేస్తడు. పెండ్లయిన ఆరేండ్లకు నాకు కడుపు నిలిచింది, ఎంత సంబురపడ్డమో! గని మూడో నెల సోనోగ్రఫీల డాక్టరమ్మ చానాసేపు తెరనే చూసి, బిడ్డ మంచిగుంది గని అండాశయం మీద నిమ్మకాయంత నీటి గడ్డ ఉందన్నది. చానామందికి దానంతటదే కరుగుతదట, నెలకు మళ్ల చూద్దామన్నది, ఒక్కసారిగ మెలితిప్పినట్టు నొప్పొస్తే మాత్రం ఎమ్మటే రమ్మన్నది.

ఆ నెలంత ఒక్కటే ప్రార్థన, "తండ్రీ, ఈ గడ్డను కరిగించు." మళ్ల చూస్తే కరగలే, బత్తాయంత అయింది! మీ ముందర దాచ, నాకు దేవుని మీద కోపమొచ్చింది. ఇంక దావఖానకు పోతే నాది విశ్వాసమే కాదనుకున్న, ఉపాసం పట్టిన. అది తెలిసి మా ప్రార్థన గుంపుల పెద్దామె రూతమ్మక్క పప్పు, అన్నం టిఫిన్ల వెట్టుకోని వచ్చి, "నీ ఉపాసం నేనుంట, నువ్వు తిను. దావఖానకు పోవుడు దేవుణ్ణి ఇడిశిపెట్టుడు గాదు బిడ్డా" అన్నది. ఏడ్సుకుంటనే తిన్న.

అయిదో నెల పడ్డంక ఒకనాడు పొద్దుగాల బట్టలు ఆరేస్తుంటే కడుపుల ఎవరో పిండినట్టయింది, వాంతులు, నిలబడరాలే. మా ఆయన డ్యూటీల ఉన్నడు, మా అత్తమ్మనే రిక్షా పిల్చింది. అంజూర్ ఫాటా చౌరస్త కాడ ట్రక్కుల నడుమ రిక్షా ఆగిపోయింది, నాకు ప్రార్థన కూడా నోట్లెకెళ్లి వస్తలేదు. అప్పుడు, సహోదరులారా, ఒక్కనాడు గూడ చర్చికి రాని మా అత్తమ్మ నా తలకాయ ఒళ్లె వెట్టుకోని, "ఓ యేసయ్యా, నాకు నీ మాటలు రావు. ఈ పిల్ల నిన్నే నమ్ముకున్నది, ఇద్దర్ని నువ్వే చూడాలె" అన్నది. నొప్పి తగ్గలే గని నా భయం పోయింది!

అండాశయం మెలిపడ్డదని ఆ రోజే ఆపరేషన్ చేసిండ్రు, మెలి విప్పి గడ్డ తీసిండ్రు. తెలివికొచ్చేసరికి మా ఆయన తలనిండ పత్తి నూగుతోని మంచం పక్కన నిలబడ్డడు. బిడ్డ గుండె చప్పుడు టకటక వినిపించిండ్రు. గడ్డల చెడ్డ రోగమేం లేదని తర్వాత రిపోర్టొచ్చింది, నెలలు నిండినంక ఆడపిల్ల పుట్టింది. దేవునికే మహిమ!

నేను అడిగినట్ల గడ్డ కరగలే, అదే చెప్దామని నిలబడ్డ. ఆయన రూతమ్మక్క చేతుల అన్నం పంపిండు, అత్తమ్మ నోట్ల ప్రార్థన వెట్టిండు, డాక్టరమ్మ చేతికి నేర్పు ఇచ్చిండు. మీలో ఎవరన్న రిపోర్టు చేతుల పట్టుకోని వణుకుతున్నరా? డాక్టర్ చెప్పిన తారీకుకు పోండ్రి, ఒక్కలే పోకుండ్రి, ఆయన్ని తోడు పిలువుండ్రి. అడిగింది ఇయ్యకపోయినా ఆయన చెయ్యి ఇడువడు. నన్ను ఇడువలే.