కడిగేసిన దుమ్ము

అహల్య వాకిట్లో ఈగ వాలాలన్నా కాళ్లు కడుక్కుని రావాలని తండాలో నవ్వుకునేవారు. నర్మెట్ట దగ్గర గుట్ట కింద ఉన్న ఆ లంబాడా తండాలో మహిళా సంఘానికి ఆమే పెద్ద. ఆమె చేతిలో చీపురుంటే మొగవాళ్లు కూడా పక్క సందులోంచి పోయేవారు. ఆ శుభ్రం పిచ్చి ఊరికే పట్టుకున్నది కాదు. చిన్నప్పుడు బడిలో ఒక పిల్ల "తండదానివి, దూరం కూసో" అని పలక పక్కకు జరుపుకుంది. ఆ మాట అన్న పిల్ల ఎప్పుడో మరిచిపోయి ఉంటుంది, అహల్య మరవలేదు. పెళ్లయి ఈ తండాకు వచ్చాక ఇల్లిల్లూ తిరిగి, తిట్టి, బతిమాలి మరుగుదొడ్లు కట్టించింది, మురుగుకు మోరీలు తీయించింది. చుట్టుపక్కల ఊళ్లలో తండాకు మంచి పేరొచ్చింది. ఆ పేరంటే ఆమెకు ప్రాణం.

అలాంటి మనిషి నెత్తిన దేవుడు కంకర మిల్లు తెచ్చి పెట్టాడు. గుట్ట మీద రాయి పగిలితే తండా అంతా తెల్లటి దుమ్ము. ఆకుల మీద, అన్నం మీద, బిందెలో నీళ్ల మీద అదే. ఆమె మరిది హరిలాల్ ఆ మిల్లులోనే పనిచేశాడు. ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుందని, అది ఇక పోదని జనగామ దవాఖానలో చెప్పారు. పడుకుంటే ఊపిరాడదు కాబట్టి వాకిట్లో మంచం మీద కూర్చునే కునుకు తీస్తాడు. దగ్గు తెరలో ఒక్కోసారి నెత్తురు పడుతుంది. అత్త పోయినప్పుడు చిన్నపిల్లవాడిగా ఉన్న అతన్ని పెంచింది అహల్యే. వదిన గీసిన గీత అతను ఎన్నడూ దాటలేదు.

ఊళ్లన్నీ కలిసి కేసు వేస్తే కోర్టు మిల్లు యజమానికి జరిమానా వేసింది. అతను అది కట్టేసి మిల్లు మళ్లీ నడుపుకుంటున్నాడు. ఆ పైసలు మనిషికింత అని పంచలేదు. తమకు ఏ పని కావాలో ఒక్కో ఊరు అడగాలి, కోర్టు పెట్టిన కమిటీ వచ్చి దుమ్ము ఎంత దెబ్బ తీసిందో చూసి మార్కులేస్తుంది, ఎక్కువ మార్కులొచ్చిన ఊరికి ఆ ఏటి డబ్బు. దుమ్ము తిన్నవాళ్లకు మళ్లీ పరీక్ష ఎందుకో పెట్టినవాళ్లకే తెలియాలి. తండావాళ్లు ఒక్కటే అడిగారు: ఆక్సిజన్ మిషను, రోజూ వచ్చే నర్సు ఉన్న చిన్న దవాఖాన గది. హరిలాల్‌లాంటివాళ్లు అక్కడ ఇంకా ఉన్నారు. ఊపిరందనప్పుడు ఆటో ఎక్కించి జనగామ చేర్చేలోపు ప్రాణం ఉంటుందన్న నమ్మకం లేదు.

కమిటీ వస్తోందని తెలిసిన నాడు అహల్య తనకు చేతనైన పనే చేసింది. తండానంతా లేపి పనిలో పెట్టింది. కప్పులు దులిపించింది, గోడలు కడిగించింది, వాకిళ్లలో పేడనీళ్ల సానుపి చల్లించింది. చివరికి ట్యాంకరు తెప్పించి వేపచెట్ల మీద నీళ్లు కొట్టించింది. పక్కింటి లచ్చి చీపురు ఆపి నిలబడింది.

"దుమ్ము సూడనీకె వచ్చేటోళ్లకు దుమ్ము లేకుంట జేస్తున్నమేందే?"

"సార్లొచ్చి ముక్కు మూసుకుంటే నీకు మంచిగుంటదా? ఊడ్వు" అంది అహల్య. లచ్చి ఊడ్చింది.

అంతటితో ఆగినా బాగుండేది. వాకిట్లో మంచం, మంచం కింద బూడిద పోసిన ఉమ్మి తట్ట ఆమె కంట్లో పడ్డాయి.

"హరిలాల్, గార్లల మీ అక్క ఇంటికి పోయి రారాదు? నాలుగు రోజులుండి రా."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. సంచి సర్దుకుని, ఆగి ఆగి నడుస్తూ ఆటో ఎక్కాడు. జనగామలో రైలెక్కాలి. దారి పొడుగునా ఎంత ఆయాసపడ్డాడో అహల్యకు ఈనాటికీ తెలియదు, అడిగే ముఖం ఆమెకు లేదు.

కమిటీలోని విజయ మేడం తండా అంతా కలియదిరిగింది. "ఎంత నీటుగా పెట్టుకున్నారమ్మా" అని మెచ్చుకుంది. ఆ మాటకు అహల్య పొంగిపోయింది. నీటుగా ఉన్న చోట రోగమేముంటుందని వాళ్లు అనుకున్నట్టున్నారు. డబ్బు అవతలి ఊరికి పోయింది. అక్కడివాళ్లు వేలితో రాస్తే గీత పడే గోడలను అలాగే చూపించారట. వాళ్లను తప్పు పట్టడానికేం లేదు, వాళ్లు తిన్నదీ ఆ దుమ్మే.

తండాలో అహల్యను ఎవరూ ఒక్క మాట అనలేదు. లచ్చి కూడా అనలేదు. అదే ఆమెను ఎక్కువ కాల్చింది. గార్ల నుంచి తిరిగొచ్చిన హరిలాల్, "గది వచ్చిందా వదినా?" అని మాత్రం అడిగాడు. రాలేదంటే తలూపి మంచం మీద కూర్చున్నాడు. దగ్గు వస్తే మంచం దిగి గోడ వెనక్కి పోవడం ఆ రోజు నుంచే మొదలుపెట్టాడు. వదినకు తన దగ్గు సిగ్గని అతనికి అర్థమైపోయింది. గోడ వెనక నుంచి ఆ దగ్గు వినిపించినప్పుడల్లా అహల్య చేతిలో చీపురు ఆగిపోయేది. పలక జరుపుకున్న పిల్ల తానే అయినందుకు తనను తాను తిట్టుకునేది.

మరుసటి ఏడు కమిటీ మళ్లీ వచ్చింది. ఈసారి అహల్య చీపురు ముట్టుకోలేదు, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. వేపాకు తెల్లగా ఉంది. కారు చప్పుడు వినగానే హరిలాల్ మంచం పట్టీ పట్టుకుని లేవబోయాడు. ఏడాదిలో అతను సగమయ్యాడు.

"సార్లొస్తున్నరు వదినా. నేను ఎనుకకు పోత."

"యాడికి పోవద్దు. కూసో" అని ఆమె అతని భుజం పట్టుకుంది.

విజయ మేడం వచ్చి మంచం ముందు నిలబడింది. "ఎలా ఉందయ్యా ఒంట్లో?" అంది.

"మంచిగనే ఉన్న మేడం" అన్నాడు హరిలాల్.

అని పెదవులు బిగపట్టాడు. లోపల దగ్గు తన్నుకొస్తోంది. మెడ నరాలు తేలాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి, ముఖం నల్లబడింది. ఊపిరి బిగపట్టి వదిన వైపే చూస్తున్నాడు. వదిన పరువు పోకుండా చూసుకుంటున్నాడు. మేడం తలూపి పక్కింటి వైపు తిరగబోయింది.

అహల్య నేల మీద కూలబడి అతని మోకాళ్లు పట్టుకుంది. "దగ్గు బిడ్డా" అంది. "నీ కాల్మొక్త, దగ్గు."