డబ్బా దించొద్దన్నాను

పులిగడ్డ వంతెన దాటి దివిసీమలో దిగేసరికి ఉదయం ఆరు. సన్నగా వాన. తుఫాను ముందురోజే వెళ్లిపోయింది, నీళ్లు మాత్రం వెళ్లలేదు. మూడు టన్నుల లారీలు రెండు, రబ్బరు పడవలు రెండు, ముప్పైమంది జవాన్లం. ఆ దళానికి నేను బండ్ల మెకానిక్‌ని. నాకు తుపాకీ ఇవ్వలేదు. పానాల పెట్టె, తాడు, రబ్బరు పైపు, టార్చిలైటు ఇచ్చారు. ఇప్పుడు గుడివాడలో ఏ పెళ్లికి వెళ్లినా "బోర్డర్లో ఎంతమందిని కాల్చావు బావా?" అని అడుగుతారు. ఎవర్నీ కాల్చలేదు. కాల్చాలనిపించింది ఒక్కసారే, అదీ మన కృష్ణా జిల్లాలోనే.

కోడూరు అవతల తుఫాను షెల్టర్లో మా మకాం. లోపల రెండు ఊళ్ల జనం కిక్కిరిసి ఉన్నారు. కరెంటు లేదు. జనరేటరు ఉంది గాని డీజిల్ లేదు. అందుకే మంచినీళ్ల మోటారు ఆగిపోయింది. మాకెవరూ దండలు వేయలేదు. ఒక ముసలామె నేనిచ్చిన బిస్కెట్ పాకెట్ తీసుకుని నా మీదికే విసిరికొట్టింది.

"నీళ్లు లేక చస్తుంటే బిస్కెట్లా? ఫొటోలు దిగి పోండి," అంది.

కాస్త మెత్తబడుతుందేమోనని, నాది ముదినేపల్లేనమ్మా అన్నాను.

"అయితే దారి తెలుసుగా. నిన్ననే రావాల్సింది."

మా సుబేదార్ సాబ్‌ది హర్యానా. ఆయనకు తెలుగు రాదు, ఓపికా లేదు. మా లారీల ట్యాంకుల్లోంచి తీసి ఒక్కో షెల్టరుకు రోజుకో క్యాన్ డీజిల్ ఇమ్మన్నాడు. అది గంటసేపటి నీళ్లకు సరిపోతుంది. "కరకట్ట నానిపోయింది. లారీ ఎక్కితే దిగబడుతుంది. తేలిక బండి వెతుకు," అన్నాడు నాతో.

దొరికింది ఒకటే. రొయ్యల చెరువుల ఆసామి సాంబశివరావు గారి పాత డీజిల్ పికప్. రెవెన్యూ వాళ్లు పట్టుకొచ్చి మాకప్పగించారు. ఆయన తాళం ఇచ్చాడు గాని బండిని వదల్లేదు. ముందు సీట్లో నా పక్కనే కూర్చున్నాడు, నేనేదో దొంగిలిస్తానన్నట్టు.

స్టార్ట్ చేసి వదిలేస్తే బండి చలిజ్వరం వచ్చినట్టు వణుకుతోంది. తొక్కితే ఊపు రాదు. మిస్సింగ్. నాలుగు గజాలకోసారి కుదుపు.

"లక్షణంగా ఉన్న బండి. మీ మిలట్రీ తొక్కుడు తొక్కితే ఏదైనా ఇంతే," అన్నాడు.

బానెట్ ఎత్తాను. ఇంజను నడుస్తుండగానే నాజిల్ పైపుల నట్లు ఒక్కొక్కటే వదులు చేసి, మళ్లీ బిగించాను. ఏ సిలిండరైనా చచ్చి ఉంటే దాని నట్టు వదిలినా శబ్దం మారదు. నాలుగింటికీ మారింది. అంటే నాలుగూ పనిచేస్తున్నాయి, నాలుగింటికీ తిండి చాలడం లేదు. డీజిల్ సరిగా అందడం లేదన్నమాట.

"డీజిల్ ఎక్కడ పోయించారండీ?"

"బంకులో. ఇంకెక్కడ పోయిస్తారు? రసీదు చూపించాలా?"

ఫిల్టరు అడుగున మర తిప్పి నీళ్లు వదిలాను. కాస్త తేరుకుంది. మార్చడానికి కొత్త ఫిల్టరు లేదు. ఆ రోజంతా అలాగే నెట్టుకొచ్చాం.

మర్నాడు పొద్దున పక్క షెల్టరుకు బయల్దేరాం. వెనక బియ్యం, నీళ్ల డబ్బాలు, ఒక డీజిల్ క్యాన్. వాటి మీద మా నర్సింగ్ అసిస్టెంటు. అతనిది ఒడిశా. ముందురాత్రి షెల్టర్లో అన్నం పెట్టినావిడ దగ్గర ఒక్క తెలుగు మాట నేర్చుకున్నాడు, 'బాగుంది'.

కట్ట మీద ఒకతను చేతులు రెండూ ఎత్తి బండికి అడ్డం నిలబడ్డాడు. పేరు నాంచారయ్య. సాంబశివరావు చెరువుల కాపలాదారు. పక్కన మడతమంచం మీద అతని భార్య. చెరువు షెడ్డులో కింద పడుకుంటే తెల్లవారుజామున కట్లపాము కరిచింది. కనురెప్పలు వాలిపోతున్నాయి. నర్సింగ్ అసిస్టెంటు చూసి, నాతో హిందీలో, "మన దగ్గర దీనికి మందు లేదు. ఆసుపత్రికి. ఇప్పుడే," అన్నాడు.

సాంబశివరావు అద్దం దించి నాంచారయ్యను ఒకటే అడిగాడు. "చెరువుల కాడ ఎవరున్నారు?"

బియ్యం బస్తాలు కట్ట మీదికి దొర్లించి, ఆమెను ఎక్కించి, అవనిగడ్డ వైపు తిప్పాను. సగం దారిలో బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. సెల్ఫ్ కొడితే తిరుగుతోంది, అందుకోవడం లేదు. మా వైర్‌లెస్ రేడియోలో సుబేదార్‌ను పిలిచాను.

"పేషెంటుతో కట్ట మీద ఆగిపోయాం సాబ్. ఇంకో బండి కావాలి."

"ఇంకో బండి లేదు. దాన్నే నడిపించు. ఓవర్."

ఫిల్టరు విప్పాను. అడుగున గోధుమరంగు జిగురు. వేళ్లకు అంటుకుని తీగలు సాగుతోంది. నాలిక్కి రాసుకుని ఉమ్మేశాను. తీపి.

"ఇది బెల్లం మడ్డండీ. రొయ్యల చెరువుల్లో పోసేది. ఇందులోకి ఎలా వచ్చింది?"

"బంకువాడి కల్తీ."

"బంకులో బెల్లం అమ్మరండీ. ట్యాంకులో ఎంతుందో చెప్పండి. కొంచెమే అయితే వడకట్టుకుంటాను. అంతా అదే అయితే నేను పడే పాటంతా దండగ."

ఆయన నీళ్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. తువ్వాలుతో వడకట్టాను. ఫిల్టరు కడిగాను. పైపులో గాలి తీసి సెల్ఫ్ కొట్టాను. బండి పది గజాలు నడిచి ఆగింది. మళ్లీ కడిగాను. మళ్లీ ఆగింది. వెనక ఆమె ఊపిరి గురక పెట్టినట్టు వస్తోంది. నర్సింగ్ అసిస్టెంటు ఊపిరి అందించే గాలి బుడ్డి తీసి ఆమె ముఖానికి పెట్టి నొక్కడం మొదలుపెట్టాడు. నాంచారయ్య భార్య వైపు చూశాడు. ఆసామి వైపు చూశాడు.

"ట్యాంకంతా అదేనండి," అన్నాడు. "నేనే పోశాను. ఆఫీసర్లొచ్చి డీజిల్ పట్టుకుపోతారని ఖాళీ మడ్డి డ్రమ్ముల్లోకి మార్పించారు, బండికీ వాటిలోదే. షెడ్డులో ఇంకా ఆరున్నాయండి."

"నోర్ముయ్‌రా," అన్నాడు సాంబశివరావు. తర్వాత నాతో, "పది రోజుల్లో రొయ్య పట్టుబడి. నీళ్లకు గాలి కొట్టే ఏరేటర్లు ఆగితే రొయ్యంతా చచ్చి తేలిపోద్ది. నష్టం నువ్విస్తావా?"

షెల్టర్లో జనం గుక్కెడు నీళ్ల కోసం కొట్టుకుంటుంటే ఆయన దగ్గర ఆరు డ్రమ్ముల డీజిల్ ఉంది. జవాబు చేత్తోనే చెప్పాలనిపించింది. ట్యాంకు పైపు పీకేశాను. ఒక నీళ్ల డబ్బా ఖాళీ చేసి మా క్యాన్లోని డీజిల్ పోశాను. రబ్బరు పైపును క్యాబిన్ మీదుగా ఇంజను దాకా లాగి నేరుగా పంపుకు తగిలించాను.

"ఫిల్టరు లేకుండా తోలితే పంపు పోద్ది," అన్నాడాయన.

"పోనివ్వండి."

దిగి, చెరువుల వైపు నడుచుకుంటూ వెళ్లిపోయాడు. వెనక్కి చూడలేదు. నేను రేడియో అందుకున్నాను.

"సాబ్, రొయ్యల షెడ్డులో ఆరు డ్రమ్ముల డీజిల్ ఉంది. పైపైది తోడి వడకట్టుకుంటే జనరేటరుకు పనికొస్తుంది."

"ఎవరిది?"

"ఇప్పుడు మనదే సాబ్."

"మంచిది. ఓవర్."

నాంచారయ్యను క్యాబిన్ వెనక నిలబెట్టి డబ్బా చేతికిచ్చాను. "తలపైకి ఎత్తి పట్టుకో. ఏం జరిగినా డబ్బా దించొద్దు. దించితే డీజిల్ దిగదు, ఇంజను ఆగుతుంది." తలూపాడు. అతని ముఖం రోడ్డు వైపు. భార్య అతని వీపు వెనక, కాళ్ల దగ్గర. తిరిగి చూడాలంటే డబ్బా కదులుతుంది. అతను తిరగలేదు.

సెల్ఫ్ కొట్టగానే అందుకుంది. నాలుగు సిలిండర్లూ ఒక్క గొంతుతో పలికాయి. వెనక అద్దం పగిలి ఉండటంతో అన్నీ వినిపిస్తున్నాయి.

"ఎట్టా ఉందండీ?"

"బాగుంది."

ఒక మలుపు తర్వాత మళ్లీ. "ఎట్టా ఉందండీ?"

"బాగుంది. బాగుంది."

ఆసుపత్రి ఆవరణలో బండి ఆపి ఆమెను నేనూ నర్సింగ్ అసిస్టెంటూ మోసుకెళ్లాం. డాక్టరు వరండాలోనే కళ్లలోకి లైటు వేసి చూశారు. నాడి పట్టుకున్నారు. తల అడ్డంగా ఊపారు. ఎప్పుడు పోయిందని నర్సింగ్ అసిస్టెంటును హిందీలో అడిగాను.

"కట్ట దిగకముందే గుండె ఆగింది. నొక్కుతూనే ఉన్నాను. ఇక్కడికొస్తే ఏమైనా చేస్తారేమోనని."

"మరి అతనితో బాగుందన్నావు?"

"లేదంటే చెయ్యి దించేస్తాడు."

ఆ సాయంత్రం డ్రమ్ములు వచ్చాయి. షెల్టర్లో మోటారు తిరిగింది. చెరువుల్లో రొయ్యలు తేలిపోయాయి. ఆ కంపు మేం ఉన్నన్నాళ్లూ ఉంది. సాంబశివరావు మా లారీ కనిపిస్తే చాలు, ఉమ్మేసేవాడు. నాకు జాలి కలగలేదు. ఇప్పటికీ లేదు. నీళ్లు తీశాక మచిలీపట్నంలో రైలెక్కి యూనిట్‌కు వెళ్లిపోయాం. సర్వీసు అయిపోయి గుడివాడ వచ్చి షెడ్డు పెట్టుకున్నాను. బండి మిస్సింగ్ అంటూ ఎవరొచ్చినా ముందు నట్లు వదులు చేసి వింటాను. వింటుంటే ఆ వరండా మెట్లు గుర్తొస్తాయి.

ఆ రోజు మెట్లు దిగి బయటికొచ్చాను. వాన పడుతోంది. ఇంజను ఎప్పుడో ఆపేశాను. నాంచారయ్య బండి మీద ఇంకా అలాగే నిలబడి ఉన్నాడు, ముఖం రోడ్డు వైపు, డబ్బా తలపైన. దించొద్దని చెప్పింది నేనే. ఇక దించమని చెప్పాలంటే, ఎందుకో చెప్పాలి.