టీసీ కాగితం వెనక వైపు

ఈరోజు అమ్మతో కలిసి చెల్లి బడికి వెళ్లాను. నాలుగో తరగతి చదివే చెల్లికి ఏడీహెచ్‌డీ, అంటే దృష్టి నిలవని సమస్య ఉంది, పాఠం మధ్యలో లేచి తిరుగుతుంది. "మా ఇష్టంతోనే టీసీ తీసుకుంటున్నాం" అని ముందే రాసిపెట్టిన కాగితాన్ని హెడ్మాస్టరు అమ్మ ముందుకు జరిపారు.

"జర సంతకం పెట్టమ్మా. మీ పిల్లతోని క్లాసంత ఖరాబైతాంది."

అమ్మ పెన్ను తీసుకుంది. నేను ఆ పెన్ను అడిగి తీసుకుని, కాగితం వెనక్కి తిప్పి రాశాను: ఎనిమిదో తరగతి అయ్యేదాకా ఏ పిల్లనూ తీసేయకూడదని చట్టం ఉంది, మా చెల్లిని ముందు బెంచీలో కూర్చోబెట్టండి, పరీక్షలో అదనపు సమయం ఇవ్వండి. అమ్మ దాని కింద సంతకం చేసింది.

"ఇంతంత లేవు, నాకే చట్టం చెప్తానవా?" అన్నారాయన.

"మీరు రాసింది మేం చదివినం గద సార్. మేం రాసింది మీరు చదువుండ్రి. ముట్టినట్టు స్టాంపు కొట్టుండ్రి" అన్నాను నేను.

స్టాంపు పడింది. ఫోటో తీసుకున్నాను. మీకూ అలాంటి కాగితం ఇస్తే, వెనక వైపు ఖాళీగానే ఉంటుంది. ఇంకా ఏమేం రాయొచ్చో చెప్పండి.