మా వదిన చల్లిన చింతగింజలు

చైత్ర బహుళ సప్తమి, గురువారం నాడు ఇది రాస్తున్నాను. మా వదిన పోయింది. మా ఆయనకు అక్క, నేను కాపురానికి రాకముందే పుట్టింటికి వచ్చి ఉండిపోయింది. నిన్నటితో ఆమె దినాలు ముగిశాయి. వచ్చిన చుట్టాలు తెల్లవారుజామునే బండ్లు కట్టుకుని దోర్నపాల్ దారి పట్టారు. గంగాళాలు తోమకుండా బావి దగ్గరే ఉన్నాయి. వాటి జోలికి వెళ్లే ఓపిక లేక కాగితం ముందు కూర్చున్నాను. ఈ పత్రిక చదివేవారిలో మా వదినను ఎరిగినవారు ఎవరూ ఉండరు. అయినా రాస్తున్నాను. ఆమె ప్రతి సాయంత్రం మా వాకిట్లో చేసే పని ఒకటి ఆమెతోపాటు ఆగిపోయింది. అది ఆగిన కొద్ది రోజుల్లోనే మా ఇంట్లో ఏం జరిగిందో చిన్నపిల్లలున్న వాళ్లకు తెలియాలి.

ఆమెకు చలిజ్వరం వచ్చింది. నాలుగు రోజులు మూలిగింది. మందు కోసం కోంటాకు పంపిన బండి తిరిగి వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆ సీసా ఇంకా గూట్లోనే ఉంది.

మాది బస్తరు సంస్థానంలో దక్షిణపు కొస, ఎర్రబోరుకు కోసెడు దూరం. చైత్రం వచ్చిందంటే ఇక్కడ ప్రతి ఇంటి ముందూ ఆడవాళ్లు చింతపండు కొడుతూ ఉంటారు. పండు సంతకు పోతుంది, గింజలు ఇంట్లో మిగులుతాయి. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన మొదటి ఏడే చూశాను. పొద్దు వాలి, ఎదుటి మనిషి ముఖం ఇంకా ఆనవాలు పట్టగలిగే వేళకు మా వదిన చాటెడు గింజలు తెచ్చి అలికిన వాకిట్లో విసిరేది. వీధిలో పిల్లలంతా వాటి మీద పడేవారు. అడవి పల్లెల దోర్ల పిల్లలు, మా పిల్లలు, తల్లి వెంట కల్లు కుండలు మోసుకొచ్చిన పిల్లలు, ఎవరైనా సరే.

"ఏరుండ్రి, ఏరుండ్రి! ఎవనికి ఎక్కువొస్తె వానికి నా ఆస్తి రాసిస్త."

"నీకేం ఆస్తి ఉంది పెద్దవ్వా?"

"ఈ చాట లేదా? మీ తాతకు ఇది గూడ లేదు."

ఎక్కువ ఏరినవాడికి ఏమీ ఇచ్చేది కాదు. తక్కువ ఏరిన వాడికి బెల్లం ముక్క పెట్టేది. నాకు ఒళ్లు మండేది. చురుకైనవాడిని వదిలేసి సోమరిని మెచ్చుకునే పద్ధతి ఏమిటి? నేను గోదావరి ఒడ్డున బాలికల పాఠశాలలో చదువుకున్నదాన్ని. దీపాలు పెట్టే వేళకు పిల్లలు కాళ్లు కడుక్కుని అరుగు మీద వరుసగా కూర్చోవాలి, ఎక్కాలు అప్పజెప్పాలి. నేను కూర్చోబెట్టేదాన్ని, ఆమె లేపేది.

"కూసోబెట్టకే మరదలా. జర ఉరకనియ్యి."

"ఉరికితే ఎక్కాలు ఎవరు చెబుతారు వదినా?"

"ఎక్కాలు ఏడికి బోవు. పొద్దు పోతది."

ఇద్దరం అలా చాలా కాలం పోట్లాడుకున్నాం. నా మాటే నెగ్గిన పోట్లాట కూడా ఒకటి ఉంది. మా వదిన ఆముదపు దీపం మీద కంచు మూకుడు బోర్లించి కాటుక పట్టేది. ఒక పెళ్లిలో పిల్లలందరినీ వరుసగా నిలబెట్టి ఒకే వేలితో ఒక కంటి నుంచి ఇంకో కంటికి పూసుకుంటూ పోయింది. వరుసలో మూడోవాడి కళ్లు అప్పటికే ఎర్రగా ఉన్నాయి. ఆపమని అరిచాను. పెళ్లివారి ముందు తన వేలిని తప్పుపట్టానని ఆమె మండిపడింది.

"సదువుల మరదలు నా యేలుకు మైల బెట్టింది జూడుండ్రి!"

మూడో రోజుకు వీధిలో కండ్లకలక రాని పిల్ల లేదు. చివరికి మా వదినకూ వచ్చింది. కళ్లు ఉబ్బి, పుసి కట్టి, నా ఎదుట కూర్చుని ఉడుకునీళ్ల గుడ్డ పెట్టించుకుంది. ఒప్పుకుంటూ ఒక్క మాట అంటే ఒట్టు. కానీ తర్వాతి పెళ్లిలో కాటుక పిల్లల కళ్లలోకి పోలేదు, అరికాలికి చుక్కగా పెట్టింది. అదేమిటని నేను అడగలేదు. తనే అంది: "దిష్టి కాలు నుంచి గూడ దిగుతది, నీకేం తెలుసు."

గింజల సంగతి నాకు తెలిసింది ఆ తర్వాతే. ఇద్దరం చింతపండు కొడుతున్నాం. వీధిలోని ఒక పిల్లవాడి తల్లిని ఆ పొద్దున మా వదిన పిలిపించి, మేక కార్జం కాల్చి పెట్టమని, మునగాకు తప్పకుండా వండమని గట్టిగా చెప్పి పంపింది. ముందు రోజు గింజలు అందరికంటే తక్కువ ఏరింది వాడే. వాడికి కార్జం ఎందుకని అడిగాను.

"వానికి రేచీకటి. మసకల కనవడ్తలేదు."

"వాళ్లమ్మ చెప్పిందా?"

"వాళ్లమ్మకేం తెలుసు? తల్లికి పగటి పూట కండ్లు కనవడ్తయి, ఆ కండ్లు సాలనుకుంటది. నేను గింజలు జూడ. చేతులు జూస్త. కండ్లున్న చెయ్యి కోడిలెక్క పొడుస్తది. కండ్లు లేని చెయ్యి పురుగులెక్క పాకుతది."

రోకలి ఆపలేదు. దంచుతూనే మిగతాది చెప్పింది. ఆమె కూతురిని నేను ఎరుగుదును. నేను కాపురానికి వచ్చేసరికి ఏడేళ్ల పిల్ల. రెండు కళ్లూ లేవు. నా అందెల చప్పుడు విని కొత్తత్త వచ్చిందనేది. పుట్టుగుడ్డి అనుకున్నాను, ఎవరూ కాదనలేదు. పెళ్లీడు రాకముందే జ్వరంతో పోయింది. ఆ పిల్లకు నాలుగో ఏట తట్టు పోసిందట. పంటలు పోయిన ఏడు. తట్టు తగ్గింది, పిల్ల తేరుకుందనుకున్నారు.

"తగ్గినంక ఒక మార్పు. పొద్దు గూకంగనె అరుగెక్కి కూసునేది. ఆటల్లేవు, అల్లర్లేదు. పిలిస్తె రాదు. ఎంత బుద్ధిమంతురాలే అని మా అత్తగారి వాడంత మెచ్చిన్రు. నేను గూడ మురిసిన మరదలా. మురుసుకుంట మురుసుకుంట ఉన్న. అప్పుడే కండ్లు ఎండుతున్నయి. తర్వాత తెల్లటి పూవులు పడ్డయి, సూపు వోయింది."

ఆ ఒక్కసారే చెప్పింది. మళ్లీ నేను అడగలేదు. ఎక్కాలను మాత్రం గింజల తర్వాతకు జరిపాను.

చివరి రెండేళ్లలో ఆమె చూపే మందగించింది. అప్పుడు గోడకు ఆనుకుని కూర్చుని విసిరేది, వినేది. ఏ పిల్ల గొంతు వాకిట్లో ఎటు తిరుగుతోందో ఆమెకు తెలిసిపోయేది. "అరిచేటోని గురించి నాకు బుగులు లేదు" అనేది. "సప్పుడు చెయ్యని పిల్ల ఏదో జెప్పు." నేను చూసి చెప్పేదాన్ని. వానలు పడగానే వాకిట్లో అక్కడక్కడా చింత మొలకలు లేచేవి, ఏ పిల్ల కంటా పడక మట్టిలో దిగిపోయిన గింజలు అవి. ఆమె తడుముతూ వంగి ఒక్కొక్కటీ పీకేది. నన్ను పీకనిచ్చేది కాదు.

ఇక ఈ దినాల సంగతి. మా చిన్న మనవరాలికి అయిదేళ్లు. ఫాల్గుణంలో తట్టు పోసింది. పత్యమని మా కోడలు జావ, చప్పిడి అన్నం పెట్టింది. తట్టు తగ్గేసరికి వదిన జ్వరపడింది. పిల్ల తిండి ఎవరికీ పట్టలేదు. వదిన పోయాక మైల. మా ఇంట్లో దినాలయ్యేదాకా పొయ్యి మీద నీసు ఎక్కదు, పోపు వేయరు, ఆకుకూర తరగరు. నెల దాటినా పిల్ల కడుపులోకి జావ, చప్పిడి అన్నం తప్ప ఏమీ పోలేదు. ఇంటినిండా జనం, వాకిట్లో గింజలు లేవు.

ఒక సాయంత్రం చుట్టాల పిల్లలు వాకిలి ఎగిరిపోయేలా గోల చేస్తున్నారు. మా మనవరాలు మాత్రం అరుగు మీద స్తంభం పట్టుకుని కూర్చుంది. దోర్నపాల్ నుంచి వచ్చిన ఒకామె చూసి అంది: "ఎంత బుద్ధిమంతురాలో! నాయనమ్మ పెంపకం మరి."

ఆ మాటకు నా మోకాళ్లలో నొప్పి కూడా తెలియలేదు. లేచి వెళ్లి బుట్టలో నుంచి రెండు గుప్పెళ్ల గింజలు తెచ్చి వాకిట్లో విసిరాను. పిల్లలు ఎగబడ్డారు.

"నువ్వూ ఏరు" అన్నాను మనవరాలితో.

"పెద్దవ్వ లేదుగద నాయనమ్మా."

"దిగి ఏరు."

మెట్టు ఎక్కడుందో కాలితో వెతుక్కుని దిగింది. వంగింది. చేయి నేల మీద పాకింది. దాని మోకాలి ముందే రెండు గింజలున్నాయి. చేయి ఆ రెండింటి నడుమ నుంచి సాగిపోయింది. కాసేపటికి నిలబడి ఏడుపు మొదలుపెట్టింది.

"అన్నీ వీళ్లే ఏరుకున్నరు! నాకు ఒక్కటి గూడ ఉంచలేదు!"

మర్నాడు ఎండలో కూర్చోబెట్టి కళ్లు చూశాను. తెల్లగుడ్డు మీద బయటి వైపు సబ్బు నురుగులాంటి చిన్న మచ్చ. కన్ను తడి లేనట్టు మెరుపు తగ్గి ఉంది. మా కోడలు నా భుజం మీద నుంచి చూసింది.

"తట్టు పోయింది గదత్తమ్మా. జొరం గూడ లేదు."

"తట్టు పోతూ దీన్ని వదిలిపెట్టింది" అన్నాను. "ఇవాళే కార్జం కావాలి. మునగాకు కావాలి."

మా ఆయన గోడవార తుంగచాప మీద ఉన్నాడు. అక్క కర్మ చేస్తున్నవాడు. నేనన్నది విన్నాడు.

"దినాలు గాలేదు. ఇంట్ల నీసా?"

"ఇంకా నాలుగు రోజులు ఆగాలంటారా?"

"నాలుగు దినాల్ల ఏమైతది? ఊరోళ్లేమనుకుంటరు? అక్క పోయి చితి ఆరలేదు, తమ్మునింట్ల మాంసం ఉడుకుతున్నదనరా?"

"ఎవరి మైల పడుతున్నామో ఆమె కూతురు ఎట్లా గుడ్డిదయిందో మీకు తెలుసా?"

ఆయన నా వైపు చూశాడు. తెలుసు. నాకంటే ముందే తెలుసు. తన చిన్నతనంలో ఆ పిల్లను వీపున మోసినవాడు. తల వంచుకుని చాప అంచు పీకసాగాడు. రాత్రి మూడు జాములూ లెక్కకు మించిన జనానికి వండిపెట్టిన చేతులు నావి. కూలబడ్డాను.

చివరికి ఆయనే అన్నాడు: "ఇంటి పొయ్యి మీద వద్దు. వాకిట్ల మూడు రాళ్లు పెట్టు. మేకలాయనకు నేను కబురు జేస్త." మళ్లీ కోడలితో అన్నాడు: "కారం ఎయ్యకు. పిల్ల ఉమ్మేస్తది."

గింజలు చల్లే చోటే మూడు రాళ్లు పెట్టాం. చుట్టాల్లో ఇద్దరు లేచి వెనక గుమ్మం నుంచి వెళ్లిపోయారు, ఆ రోజు మా ఇంట నీళ్లు ముట్టలేదు. వాళ్ల ఇష్టం. పిల్ల తింది. మర్నాడు కూడా తింది. మునగాకు మాత్రం ముక్కు మూసుకుని మింగింది. దినం రోజు సాయంత్రం చాటెడు గింజలు చల్లితే నాలుగు దొరికించుకుంది. ఒకదాని మీద చేయి కోడిముక్కులా పడింది, నేను చూశాను. మిగతా మూడూ ఇంకా తడుముకునే ఏరింది. మచ్చ పోలేదు. కన్ను కాస్త తడి పట్టింది. ఎంతవరకు తేరుకుంటుందో నేను చెప్పలేను.

అలసిపోయాను. వదిన ఉంటే ఈ పని నాకంటే చాలా ముందే పట్టుకునేది. ఆమె లేదు. కాబట్టి ఇకపై జరగవలసినవి ఇక్కడే రాసి పెడుతున్నాను.

1. సోమవారం మనవరాలిని బండి మీద కోంటా ఆస్పత్రికి తీసుకువెళ్లాలి. అక్కడి కంపౌండరు చేపనూనె ఇస్తాడు. ఒకసారి ఆ నూనె సీసా వాసన చూసి మా వదిన "చేప రెండుసార్లు చచ్చింది" అంది. వాసన ఎలా ఉన్నా పిల్ల మింగాలి.

2. తట్టు పోసిన పిల్లకు మా ఇంట్లో ఇక చప్పిడి పత్యం లేదు. ఆకలి పుట్టిన రోజు నుంచే ఆకుకూర, నూనె చుక్క, గుడ్డు, బొప్పాయి పండు పెడతాం. మైల వచ్చినా పిల్ల కంచానికి అది వర్తించదు. ఈ మాట మా ఆయన కూడా ఒప్పుకున్నాడు.

3. మా వీధిలో ఈ ఏడు తట్టు పోసిన ఇళ్లన్నిటికీ కోడలు వెళ్లి రావాలి. కళ్లలో పసరు, చనుబాలు పిండవద్దని చెప్పాలి. కాచి చల్లార్చిన నీళ్లతో, ఒక్కో పిల్లకు ఒక్కో గుడ్డతో తుడవమనాలి. గుడ్డలు లేని ఇంటికి మా పాత చీర చింపి ఇవ్వాలి.

4. గింజలు ప్రతి సాయంత్రం పడాలి. కోడలు చల్లుతుంది, నేను చేతులు చూస్తాను. నా చూపు పోయిన నాడు కోడలు చూస్తుంది, ఇంకెవరైనా చల్లుతారు. తక్కువ ఏరిన వాడికే బెల్లం.

5. తొలకరి పడ్డాక వాకిట్లో చింత మొలకలు లేస్తాయి. మనవరాలి చేయి దాటిపోయిన ఆ రెండు గింజలు మూడు రాళ్ల పక్కనే ఉన్నాయి, నేను తీయలేదు. అవి మొలిచాక నేను పీకను. మునిమాపు వేళ పిల్లను వాకిట్లోకి దింపి, అవి ఎక్కడ ఉన్నాయో వేలు పెట్టి చూపించమంటాను.