ఎవరి లైబ్రరీ వాళ్లది

తొంభైల చివర్లో, క్యాంపస్‌లో మా డిపార్ట్‌మెంట్ కంప్యూటర్ ల్యాబ్ నా చేతిలో ఉండేది. అన్నీ లినక్స్ మెషీన్లు. ఏ సాఫ్ట్‌వేర్ కావాలన్నా లినక్స్ సీడీలో వచ్చిన ప్యాకేజీ నుంచే వేయాలని నా పట్టు. ఒకే కాపీ, అందరూ దాన్నే వాడుకోవాలి. కొత్త సీడీ వచ్చిన శనివారం ల్యాబ్ మూసి అన్నీ మార్చేసేవాణ్ని. సోమవారం కొందరి ప్రోగ్రాములు మొరాయించేవి. సరిచేసుకోండి అనేవాణ్ని.

దీనికి లొంగనివాడు ఒక్కడే. అనంతపురం నుంచి వచ్చిన రీసెర్చ్ స్కాలర్, భూగర్భజలాల మీద పీహెచ్‌డీ. ఏ బోరు ఎన్నాళ్లకు ఎండుతుందో అతని ప్రోగ్రాం లెక్కగట్టేది. దానికి కావలసిన గణిత లైబ్రరీ, అంటే ఎవరో రాసి సోర్సుతో సహా ఉచితంగా ఇచ్చిన కోడు, ల్యాబ్‌లో ఉండగానే అతను తన డైరెక్టరీలో వేరే కాపీ పెట్టుకున్నాడు. హాస్టల్ మెస్‌లో కూడా ఇంటి నుంచి తెచ్చుకున్న పొడులతోనే తినే మనిషి. డిస్కు నిండిపోతోందని ఎంత గొణిగినా నవ్వేవాడు. "నీ లైబ్రరీ ఊరికే మారతాంటాది. నా లెక్క మారగూడదప్పా," అనేవాడు. ఆ నవ్వుకు నాకు ఒళ్లు మండేది.

ఒక శనివారం కొత్త సీడీతో అన్నీ మార్చాను. సోమవారం సగంమంది నా మీద పడ్డారు. అతని ప్రోగ్రాం మాత్రం నిక్షేపంగా నడిచింది. ఎక్కడైనా దొరక్కపోతాడా అని కొత్త లైబ్రరీతో వచ్చిన మార్పుల ఫైలు తీసి చదివాను. దొరికాడు. పాత లైబ్రరీలో ఒక ఫంక్షన్ కొన్ని సంఖ్యల దగ్గర తప్పు జవాబిచ్చేదట, కొత్తదాంట్లో దిద్దారు. ల్యాబ్ కాపీ వాడేవాళ్లందరికీ ఆ దిద్దుబాటు తెలియకుండానే అందింది. అతని కాపీ పాతదే. అతని ప్రోగ్రాంను కొత్తదానితో నడిపి చూస్తే బోర్లు ఎండే గడువులు మారిపోయాయి.

అప్పటికే అతను తార్నాకలో బైండింగ్ షాపులో ఉన్నాడు. మర్నాడు థీసిస్ ఇచ్చి రసీదు పంపితేనే సొంత ఊరి కాలేజీలో లెక్చరర్ పోస్టుకు అర్హుడు. పాత లెక్క, కొత్త లెక్క ప్రింట్ తీసుకుని బస్సెక్కాను. గెలిచానన్న సంతోషం తార్నాక చౌరస్తా వచ్చేసరికి పోయింది.

బైండింగ్ అయిన కాపీలు కౌంటరు మీద ఉన్నాయి. అతను రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని గడువులు ఒక్కొక్కటే పోల్చి చూశాడు.

"నువ్వు చెప్పకుంటే ఇది ఎవరికన్నా తెలుస్తాదా?" అన్నాడు.

"తెల్వదు. నేనైతే చెప్ప," అన్నాను. నిజంగానే చెప్పేవాణ్ని కాదు.

"మా ఊర్లో ఈ లెక్క చూసి బోర్లేసుకుంటారప్పా," అని, కాపీలన్నీ విప్పేయమని షాపతనికి చెప్పాడు.

ఆ పోస్టు వేరేవాళ్లకు పోయింది. రెండు అధ్యాయాలు తిరగరాయడానికి ఆర్నెల్లు పట్టింది. నేను నోరు మూసుకుని ఉంటే బాగుండేదని ఇప్పటికీ అప్పుడప్పుడు అనిపిస్తుంది.

అతను మళ్లీ పని మొదలుపెట్టిన రోజు డిస్కు చూశాను. ల్యాబ్ లైబ్రరీ జోలికి పోలేదు. కొత్తదాన్ని తన డైరెక్టరీలోకి దింపుకున్నాడు. ఇంకా బుద్ధి రాలేదా అని అడిగాను. ఈసారి నవ్వలేదు.

"మార్పుల ఫైలు వచ్చినప్పుడల్లా చదివి నాకు చెప్పల్లా నువ్వు," అన్నాడు.

అతను థీసిస్ ఇచ్చేదాకా ప్రతిదీ చదివాను.